అద్దాలు అమ్మని కళ్లజోళ్ల షాపు: 5కి 4 స్టార్లు

మా పాపకి పదకొండేళ్లు. రెండు నెలలుగా పొద్దున్న లేస్తూనే తలనొప్పి, పడుకుంటే ఇంకా ఎక్కువ. సైట్ వచ్చిందేమోనని మా వీధి చివర కళ్లజోళ్ల షాపుకి తీసుకెళ్లా. ఆదివారం కదా, గంటన్నర కూర్చోబెట్టారు, ఫ్యాను కూడా సరిగ్గా తిరగదు. ఒక స్టార్ దానికే కోశా.

లోపల ఆప్టోమెట్రీ అమ్మాయి లైటు పెట్టి కంట్లోకి చూసింది. మళ్లీ చూసింది. "అక్కా, అద్దాలొద్దు. కంటి నరం దగ్గర వాపులా ఉంది. రేపటిదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి" అంది. టెస్టుకి డబ్బులు కూడా తీసుకోలేదు!

ఎమ్మారైలో ట్యూమర్ లేదు, సిరల్లో రక్తం గడ్డకట్టిందీ లేదు. వెన్నులోంచి నీరు తీసేటప్పుడు కొలిస్తే ప్రెషర్ 36 సెంటీమీటర్ల నీటి ఎత్తు ఉంది. పిల్లల్లో 28 దాటితే ఎక్కువేనట. ట్యూమర్ లేకపోయినా తలలో ఒత్తిడి ఇలా పెరుగుతుందని, వదిలేస్తే చూపు పోవచ్చని డాక్టరుగారు చెప్పారు. ఇప్పుడు ఆ ఒత్తిడి తగ్గడానికి ఎసిటజోలమైడ్ మాత్రలు వాడుతున్నాం. వాటివల్ల వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని, గోలీసోడా చప్పగా ఉందని పాప ఒకటే గోల.

నిన్న స్వీట్లు పట్టుకుని మళ్లీ షాపుకి వెళ్లాం. ఆ అమ్మాయి సెలవులో ఉంది.