బెల్టు, వైర్ రోప్, చైన్: బరువు లేపడానికి ఏ స్లింగ్ మేలు?

క్రేన్ ఎంత గట్టిదైనా చివరికి బరువును పట్టుకునేది స్లింగే, అంటే క్రేన్ కొక్కేనికీ బరువుకూ మధ్య కట్టే పట్టీ, తాడు లేదా గొలుసు. అందుకే ఏ బరువుకు ఏ స్లింగో ముందే తేల్చుకోవాలి.

మెషినింగ్ అయిన షాఫ్ట్, పెయింట్ వేసిన పంపు లాంటివాటికి బెల్టుకు మించింది లేదు. గీత పడదు, భుజాన వేసుకుని తీసుకెళ్లొచ్చు. రంగే కెపాసిటీ చెబుతుంది: ఊదా 1 టన్ను, ఆకుపచ్చ 2, పసుపు 3, ఎరుపు 5. దాని శత్రువు అంచు. గ్యాస్ కటింగ్ చేసిన ప్లేటును బెల్టుతో లేపితే, బరువు కాస్త జారిందంటే చాలు, అంచు కత్తిలా కోసేస్తుంది. గోనెపట్ట చుట్టి ధైర్యంగా ఉండొద్దు, అదీ బెల్టుతోపాటే తెగుతుంది. నిలువునా చీల్చిన పైపు ముక్కను మూలకు తొడగాలి. వేడి 100 డిగ్రీలు దాటేచోట పాలియెస్టర్ బెల్టు వద్దు. వెల్డింగ్ రవ్వకు కరిగిన మచ్చ కనిపించినా, కెపాసిటీ రాసి ఉండే ట్యాగ్ ఊడిపోయినా పక్కన పడేయండి.

వైర్ రోప్ చవక, మొరటు పనికి ఆగుతుంది. కానీ దాని జబ్బు పైకి కనిపించదు. ఒక గుడ్డతో పొడవునా తుడవండి, తీగ తెగినచోట గుడ్డ చిక్కుకుంటుంది. ఒక స్ట్రాండ్ (తీగలు పేనిన పాయ) తాడు చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగే పొడవులో 10 తీగలు తెగినా, ఒకే స్ట్రాండ్‌లో 5 తెగినా ఆ తాడు పని అయిపోయినట్టే. మడత పడి మెలిక నిలిచిపోయిన రోప్‌ను సుత్తితో కొట్టి సరిచేసి మళ్లీ వాడుతుంటారు. అది చాలా ప్రమాదం, లోపలి తీగలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి.

ఫ్యాబ్రికేషన్ షాపులో ఒక్కటే కొనాలంటే మాత్రం గ్రేడ్ 80 (బరువులు లేపడానికే చేసిన గట్టి అల్లాయ్ స్టీల్) చైన్ కొనండి. బరువెక్కువ, ధరా ఎక్కువే. అయినా 8 ఎం.ఎం. చైన్ ఒక్క లెగ్గు (కొక్కెం నుంచి బరువుకు దిగే ఒక పాయ) మీద 2 టన్నులు లేపుతుంది, 200 డిగ్రీల దాకా కెపాసిటీ తగ్గదు. లింకు సాగినా, అరుగుదల 10 శాతానికి చేరినా తీసేయాలి. పొడవు తగ్గించడానికి షార్ట్‌నింగ్ హుక్ వాడాలి. ముడి వేయడం, బోల్టుతో కలపడం, వెల్డింగ్ చేయడం ఎప్పుడూ వద్దు.

ఏ స్లింగ్ తెచ్చినా లెగ్గుల కోణం సరిగా లేకపోతే అన్నీ ఒకటే. టన్ను బరువును రెండు లెగ్గులతో లేపితే, అడ్డంగా ఉన్న గీత నుంచి 60 డిగ్రీల దగ్గర ఒక్కో లెగ్గు మీద 577 కిలోలు, 45 దగ్గర 707, 30 దగ్గర ఏకంగా 1000 కిలోలు పడతాయి. కొలవడానికి పరికరం అక్కర్లేదు: రెండు కట్టు పాయింట్ల మధ్య దూరం ఒక్కో లెగ్గు పొడవుతో సమానమైతే అది 60. లెగ్గు అంతకన్నా పొట్టిగా ఉంటే లిఫ్ట్ ఆపి, పొడవైన స్లింగ్ తెప్పించండి.