జాగ్రత్త: "అకడమిక్ రీడింగ్" పేరుతో అమ్ముతున్న పీడీఎఫ్ ప్యాకులు

విదేశీ చదువుల కోసం ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాయబోతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. "ఈ నెల వచ్చే రీడింగ్ ప్యాసేజీలు, ఆన్సర్ కీతో సహా" అంటూ టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో ప్యాకులు అమ్ముతున్నారు. అలాంటి ప్యాక్ ఒకటి కొని మొదటి పేజీ నుంచి చూస్తే బయటపడ్డ లోపాలు ఇవి.

అన్నిటికన్నా ప్రమాదం బ్యాండ్ (9కి ఇచ్చే స్కోరు) లెక్క. లోపలున్న చాలా ప్యాసేజీలు జనరల్ ట్రైనింగ్‌వి, అంటే ఎక్కువగా ఉద్యోగం, వలస కోసం రాసే రెండో రకం ఐఈఎల్‌టీఎస్‌వి: అద్దె ఇళ్ల ప్రకటనలు, ఉద్యోగుల సెలవు నిబంధనలు, స్విమ్మింగ్ పూల్ టైమింగ్స్. అకడమిక్‌లో ఇవి రావు. అకడమిక్‌లో పుస్తకాలు, జర్నళ్లు, పత్రికల నుంచి తీసుకున్న మూడు పొడవాటి ప్యాసేజీలుంటాయి. మూడూ కలిపి 2150 నుంచి 2750 పదాలు. ఈ ప్యాక్‌లో తేలిక ప్యాసేజీలు చేయించి, బ్యాండ్ మాత్రం అకడమిక్ పట్టికతో వేస్తున్నారు. 40కి 30 వస్తే అకడమిక్‌లో సుమారు 7, జనరల్‌లో అదే 30కి సుమారు 6. ఇంట్లో 7 చూసుకుని ధైర్యంగా వెళ్లిన పిల్లలకు అసలు పరీక్షలో 6 వస్తే, 6.5 అడిగే యూనివర్సిటీ సీటూ పోతుంది, పరీక్ష ఫీజూ పోతుంది.

ఆన్సర్ కీ ఇంకా ఘోరం. ఇచ్చిన వాక్యం ప్యాసేజీ ప్రకారం ట్రూ (నిజం), ఫాల్స్ (తప్పు), నాట్ గివెన్ (ప్యాసేజీలో చెప్పలేదు) అని తేల్చే ప్రశ్నలుంటాయి. "1869లో సూయజ్ కాలువ తెరిచాక లండన్ నుంచి బొంబాయికి ఓడ దారి తగ్గింది" అని ప్యాసేజీలో ఉందనుకోండి. "కాలువ వచ్చాక టికెట్ ధర పెరిగింది" అన్న వాక్యానికి జవాబు నాట్ గివెన్, ఎందుకంటే ధర ఊసే లేదు. ఈ కీ మాత్రం ఇలాంటి చోట్ల ఫాల్స్ అంటోంది. దారి తగ్గితే ధరా తగ్గాలి కదా అన్నది మన ఊహ. ఆ వాక్యం నిజం కాదని ప్యాసేజీ చెబితేనే ఫాల్స్. ఈ కీతో నెల రోజులు సాధన చేస్తే ఆ ఊహే అలవాటైపోతుంది, తర్వాత వదిలించుకోవడం కష్టం.

"రెండు పదాలకు మించకూడదు" అన్న ప్రశ్నకు కీలో "ద హెవీ రెయిన్" అని మూడు పదాలున్నాయి. పరీక్షలో దానికి మార్కు రాదు. స్కానింగ్‌లో పేరాల పక్కనుండే ఏ, బీ, సీ అక్షరాలు ఎగిరిపోయాయి కాబట్టి పేరాను గుర్తించే ప్రశ్నలు చేయడానికే వీల్లేదు. జవాబులు ఎక్కించడానికి 10 నిమిషాలు అదనం అని కూడా రాశారు. అది పేపర్ పరీక్షలో లిజనింగ్‌కి ఇచ్చే సమయం. రీడింగ్‌లో అన్నీ 60 నిమిషాల్లోనే అయిపోవాలి.

"ముందే బయటికొచ్చిన ప్రశ్నలు" అన్న మాటకు పడిపోకండి. మోసం తేలితే ఫలితం రద్దు చేసే హక్కు నిర్వాహకులకు ఉంది.

ఏ ప్యాకైనా కొనే ముందు ఒక పూర్తి టెస్టు, దాని కీ అడగండి. మూడు ప్యాసేజీలు, 40 ప్రశ్నలు ఉన్నాయా, పేరాలకు హెడింగ్స్ జతచేసే ప్రశ్నలో హెడింగ్స్ సంఖ్య పేరాల కన్నా ఎక్కువుందా, ప్రతి జవాబుకూ ప్యాసేజీలో వాక్యం చూపించారా చూడండి. శాంపిల్ ఇవ్వం అని వాళ్లంటే డబ్బు పంపొద్దు. ఐఈఎల్‌టీఎస్ అధికారిక సైట్‌లో నమూనాలు ఉచితం. కేంబ్రిడ్జ్ పుస్తకం కొంటే అట్ట మీద "అకడమిక్" అని ఉందో లేదో చూసుకోండి, ఒక్కోదాంట్లో నాలుగు టెస్టులుంటాయి.

డబ్బు తీసుకుని ఫైలు పంపకుండా బ్లాక్ చేస్తే, యూపీఐ లావాదేవీ నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.