అచ్చుబొమ్మకు రంగు వేయడానికి ఏది మేలు: మార్కర్లా, పెన్సిళ్లా, నీటిరంగులా?

గ్రీటింగ్ కార్డులు, స్క్రాప్‌బుక్ పేజీలు చేత్తో తయారుచేసేవారందరికీ స్టాంపుతో బొమ్మ ఒత్తడం దాకా ఒకటే దారి. దానికి రంగు వేయాల్సి వచ్చేసరికి ఆ దారి మూడుగా చీలుతుంది. ఆల్కహాల్ మార్కర్లు కొనాలా, రంగు పెన్సిళ్లతో సరిపెట్టుకోవాలా, నీటిరంగులు నేర్చుకోవాలా అని కొత్తవారు అడిగినప్పుడల్లా నేను ఎదురు ప్రశ్న వేస్తాను: బొమ్మను ఏ సిరాతో ఒత్తుతున్నారు, ఏ కాగితం మీద ఒత్తుతున్నారు? ఈ రెండింటికీ జవాబు తెలియకుండా రంగుల పెట్టె కొనడం గుమ్మం కొలత చూడకుండా బీరువా కొనడం లాంటిది.

ఈ సంగతి నాకు ఒక గులాబీ బొమ్మ పాడైపోయాక తెలిసింది. దాన్ని గాజు మీద, ప్లాస్టిక్ మీద కూడా నిలిచే సాల్వెంట్ సిరాతో ఒత్తాను. నీళ్లు పోసినా చెదరని సిరా దేనికైనా తట్టుకుంటుందని నమ్మాను. బాగా ఆరనిచ్చిన తరువాత లేత గులాబీ రంగు ఆల్కహాల్ మార్కర్‌ను రేకు అంచుకు తాకించగానే నల్లగీత కరిగి, రేకు లోపలికి బూడిదరంగు చారగా పాకింది. మార్కర్ మొన ఆ నలుపును పీల్చుకొని, తరువాత తాకిన ప్రతి రేకులోనూ ఆ మురికినే వదిలింది. ఆ మొన మళ్లీ శుభ్రంగా రాసేదాకా చిత్తుకాగితం మీద ఎంతసేపు రుద్దానో లెక్కలేదు. సాల్వెంట్ సిరాలో రంగును కరిగించి ఉంచే ద్రవానికీ, మార్కర్‌లో రంగును మోసే ఆల్కహాలుకూ పొత్తు ఎక్కువ కాబట్టి, ఆరిపోయిన గీత మీద మార్కర్ తడి తగలగానే ఆ గీత మళ్లీ కరుగుతుంది.

కాబట్టి ఎంపిక సిరా నుంచే మొదలవుతుంది. ఆల్కహాల్ మార్కర్లు వాడేవారు ఎక్కువగా నమ్ముకునే మెమెంటో నీటి ఆధారిత డై సిరా, అంటే రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉండేది. అది ఆరిన తరువాత ఆల్కహాలు తగిలినా చెదరదు గాని, నీటిరంగు కుంచె తగిలితే కారుతుంది. వెర్సాఫైన్ వంటి నూనె ఆధారిత పిగ్మెంట్ సిరా (కరగని రంగుపొడి కలిపినది) దీనికి సరిగ్గా తిరగబడిన స్వభావం కలది: ఆరిన తరువాత నీటికి నిలబడుతుంది, సన్నని గీతలను ఎంతో స్ఫుటంగా అచ్చువేస్తుంది, కానీ ఆల్కహాల్ మార్కర్ కింద అలుక్కుపోతుంది. నన్ను ఇబ్బంది పెట్టిన సాల్వెంట్ సిరా కూడా నీటిరంగుల కింద మాత్రం చక్కగా పనిచేస్తుంది. పొడిగా వేసే రంగు పెన్సిలుకు ఈ పట్టింపులేవీ లేవు. సిరా పూర్తిగా ఆరి ఉంటే చాలు. ఇంట్లో ఒకే ఒక్క ఇంక్ ప్యాడ్ ఉన్నవారికి ఈ ఒక్క విషయమే సగం నిర్ణయం చేసిపెడుతుంది.

ఆల్కహాల్ మార్కర్ల చరిత్రలోనూ గీత సంగతే మొదట వస్తుంది. జపాన్‌లో 1987లో వెలువడిన కోపిక్ మార్కర్లకు ఆ పేరు రావడానికి కారణం ఫోటోకాపీయే. కాపీ మీద టోనర్ అనే పొడి సిరాతో పడిన గీతను కరిగించకుండా రంగు వేయగలగడం వాటి ప్రత్యేకత. స్టాంపు లేకుండా కంప్యూటరులోని బొమ్మను లేజర్ ప్రింటరుతో అచ్చువేసి రంగులు వేసుకునేవారికి ఇది నేటికీ పనికొచ్చే సమాచారం. ఇంక్‌జెట్ ప్రింటరు సిరాలు మాత్రం ఒక్కొక్కటి ఒక్కో రకంగా ఉంటాయి గనుక, వాటిని ముందుగా ఒక ముక్క మీద పరీక్షించకుండా నమ్మకూడదు.

ఇక మార్కర్ల గుణం చూద్దాం. ఆల్కహాలు వేగంగా ఆరుతుంది, పైగా ఒకసారి వేసిన రంగు మీద మళ్లీ తడి తగిలితే కింది రంగు కదిలి పై రంగుతో కలుస్తుంది. మార్కరు గీసిన చారలు కనబడకుండా, ముద్రించినట్లు నున్నగా రంగు పరుచుకోవడానికి కారణం ఇదే. ఒక రేకునే తీసుకొని చెబుతాను. ముందు అతి లేత షేడుతో రేకునంతా నింపుతాను. అది ఆరకముందే, రేకు మొదట్లో, అంటే పువ్వు మధ్యకు దగ్గరగా నీడపడే చోట, ముదురు షేడును పెట్టి, మొనను వెలుపలి వైపు విదిలించినట్లుగా లాగి వదిలేస్తాను. ఆ పైన మధ్యస్థపు షేడుతో ముదురు రంగు చివరలను కలుపుతూ వచ్చి, చివరికి మళ్లీ లేత షేడుతో మొత్తం మీద ఒకసారి పూస్తాను. అలా చేసినప్పుడు మూడు రంగులు మూడుగా కాక, ఒకే రంగు క్రమంగా పలచబడినట్లు కనిపిస్తుంది. ఈ పని అంతటిలోనూ గీతకు వెంట్రుకవాసి ఇవతలే ఆగాలి, ఎందుకంటే కాగితంలోకి దిగిన సిరా మనం చేయి తీసిన తరువాత కూడా కాస్త పాకుతుంది. గీత దాకా నింపితే అది గీత దాటిపోతుంది.

ఈ పద్ధతికి కనీసం మూడు షేడ్లు కావాలి. మార్కర్ల అసలు భారం ఇక్కడే పడుతుంది. పళ్లెంలో రంగులు కలుపుకున్నట్లు వీటిని కలుపుకోవడం కుదరదు కాబట్టి, ఎర్రపువ్వుకు మూడు, ఆకుకు మూడు, జుట్టుకు మూడు, చర్మానికి మూడు అంటూ సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. కోపిక్ వరుసలో 358 రంగులు ఉన్నాయి. అన్నీ ఎవరికీ అవసరం లేదు గాని, వాటి సంకేతాలు తెలుసుకుంటే ఏవి కొనాలో తేలికగా తేల్చుకోవచ్చు: అక్షరం రంగు కుటుంబాన్ని చెబుతుంది, మొదటి అంకె పెరిగేకొద్దీ రంగు బూడిదవైపు మొగ్గుతుంది, చివరి అంకె పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది. ఉదాహరణకు ఆర్20, ఆర్22, ఆర్24 ఒకే కుటుంబంలో, ఒకే గుంపులో, లేత నుంచి ముదురుకు నడిచే మెట్లు. వాటిని కలపడంలో పొరపాటు జరగడం కష్టం. పెద్ద సెట్టు ఒకేసారి కొనడం కన్నా ఇలాంటి త్రయాలు రెండు మూడు కొని, వాటితోనే నెలల తరబడి బొమ్మలు వేయడం మంచిదని నా గట్టి అభిప్రాయం. సిరా అయిపోయినప్పుడు మళ్లీ నింపుకోవడానికీ, మొన అరిగితే మార్చుకోవడానికీ వీలున్న మార్కరు తొలి ఖర్చులో ఎక్కువనిపించినా, విరివిగా వాడేవారికి ఏళ్ల తరబడి పనికొస్తుంది.

కాగితం విషయంలోనూ మార్కర్లు మొండివే. పీచు వదులుగా ఉన్న కాగితం సిరాను అటూ ఇటూ లాగేస్తుంది. బొమ్మ అంచు ఈకల్లా చిట్లుతుంది. దళసరిగా, నున్నగా, తెల్లగా ఉండే కార్డ్‌స్టాక్ కావాలి. 80 పౌండ్ల కవర్ రకం, అంటే సుమారు 216 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉన్నది, చాలామందికి సరిపోతుంది. ఎంత దళసరి కాగితమైనా సిరా వెనక్కి దిగుతుంది గనుక, మార్కరుతో వేసిన బొమ్మను నేరుగా కార్డు ముఖం మీద కాక వేరే ముక్క మీద వేసి, కత్తిరించి అతికించడం అలవాటు చేసుకోవాలి. గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం మీద, రంగు కాగితం మీద మార్కర్లు దాదాపు నిష్ప్రయోజనం. ఆ సిరా పారదర్శకం కాబట్టి కింది రంగే పైకి కనబడుతుంది.

రంగు పెన్సిలు అక్కడే గెలుస్తుంది. క్రాఫ్ట్ కాగితం మీద ఒక తెల్ల పెన్సిలుతో పక్షి పొట్టకు వెలుగు దిద్దినప్పుడు, కాగితపు గోధుమరంగే నీడగా మారిపోయి, రెండే రంగులతో బొమ్మ పూర్తవుతుంది. పెన్సిలు అంచును గీతకు ఆనించి ఆపవచ్చు. అది పాకదు, కారదు, వెనక్కి దిగదు. కనురెప్ప, సీతాకోకచిలుక రెక్కమీది చుక్క, గుండీ వంటి సూక్ష్మమైన చోట్ల మార్కరు మొన పట్టదు, పెన్సిలు మొన పడుతుంది. తప్పు దొర్లితే లేతగా ఉన్నంతవరకు రబ్బరుతో కొంత తీసేయవచ్చు. కొత్తవారికి నేను మొదట చెప్పేది పెన్సిలే, ఎందుకంటే వెలుగు ఎటునుంచి పడుతోంది, నీడ ఎక్కడ నిలుస్తుంది అన్నది నింపాదిగా ఆలోచించే వ్యవధి దానితోనే దొరుకుతుంది. మార్కరు సిరా ఆరిపోతోందన్న తొందర ఉండదు.

పెన్సిళ్లలోనూ రెండు జాతులున్నాయి. ప్రిస్మాకలర్ ప్రీమియర్ వంటివి మైనం ఆధారితం: మెత్తగా ఉండి రంగు త్వరగా ఎక్కుతుంది, కానీ ముల్లు సులభంగా విరుగుతుంది, దట్టంగా వేసిన చోట కొన్నాళ్లకు మైనం పైకి తేలి తెల్లని పొరలా మసకబారుతుంది. పాలిక్రోమోస్ వంటివి నూనె ఆధారితం: కాస్త గట్టిగా ఉండి మొన ఎక్కువసేపు నిలుస్తుంది, ఆ తెల్లపొర బెడద ఉండదు. చిన్న స్టాంపు బొమ్మలకు నాకు రెండో రకమే నచ్చుతుంది. గీతలు కనబడకుండా కలపాలంటే వాసనలేని మినరల్ స్పిరిట్ అనే ద్రావకంలో స్టంప్ (కాగితాన్ని బిగుతుగా చుట్టి చేసిన పుల్ల) మొనను కొద్దిగా తడిపి, లేత చోటు నుంచి ముదురు చోటుకు కాక, ముదురు నుంచి లేతకు చిన్న చిన్న చుట్లుగా రుద్దితే రంగు కరిగి నునుపుదేరుతుంది. గామ్సోల్ ఈ పనికి చాలామంది వాడేది. దాన్ని గాలి ఆడే గదిలో, మూత వెంటనే పెట్టేస్తూ వాడాలి.

పెన్సిలుకు ఉన్న పెద్ద లోపం కాలం. అరచేయంత బొమ్మను పొరలు పొరలుగా నింపడానికి గంట పైనే పట్టవచ్చు, మణికట్టు నొప్పిపెడుతుంది, విశాలమైన ఆకాశం వంటి ఖాళీలు ఎంత వేసినా చారలుగానే మిగులుతాయి. ఒకే బొమ్మతో ఇరవై కార్డులు చేయాల్సినవారికి ఇది తగదు.

నీటిరంగుల అందం వేరే తరహాది. రంగు ఎక్కడ చిక్కబడాలో ఎక్కడ పలచబడాలో సగం మనం నిర్ణయిస్తాం, సగం నీరు నిర్ణయిస్తుంది. ఆ సగం వదులుకోలేనివారికి ఈ మాధ్యమం పడదు. పైకం దృష్ట్యా చూస్తే ఇదే పొదుపైనది: పన్నెండు రంగుల చిన్న పెట్టె ఉంటే మిగిలినవన్నీ కలుపుకోవచ్చు, ఆ పెట్టె ఏళ్లు వస్తుంది. కాగితం మీద మాత్రం ఆదా చేయకూడదు. 300 జీఎస్ఎం నీటిరంగు కాగితమే వాడాలి. మామూలు కార్డ్‌స్టాక్ మీద నీరు పడితే ఉబ్బి వంకర తిరుగుతుంది, రెండోసారి కుంచె తగిలేసరికి పీచు లేస్తుంది. చిక్కేమిటంటే, నీటికి బాగా తగిన గరుకు కాగితం స్టాంపుకు అంత తగదు, ఎందుకంటే గుంటల్లోకి సిరా చేరక గీత అక్కడక్కడ తెగిపోతుంది. నునుపైన హాట్ ప్రెస్ కాగితం ఎంచుకోవడం ఒక ఉపాయం. స్టాంపును కదలకుండా పట్టి ఉంచే స్టాంపింగ్ ప్లాట్‌ఫారం మీద అదే చోట రెండు మూడుసార్లు ఒత్తడం మరొకటి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది హీట్ ఎంబాసింగ్: తడి గీత మీద ఎంబాసింగ్ పౌడరు చల్లి హీట్ గన్‌తో కరిగిస్తే గీత ఉబ్బెత్తుగా గట్టిపడి చిన్న గట్టులా నిలుస్తుంది, నీటిరంగు పొలం గట్టు దగ్గర ఆగిన నీరులా దాని లోపలే ఆగుతుంది. చేయి ఇంకా కుదరనివారికి ఇంతకన్నా ధైర్యమిచ్చే పద్ధతి లేదు.

నీటి ఆధారిత బ్రష్ పెన్నులు, నీటిలో కరిగే పెన్సిళ్లు అటు మార్కర్లు, పెన్సిళ్లకూ ఇటు నీటిరంగులకూ నడుమ నిలుస్తాయి. ప్రయాణంలో వీలుగా ఉంటాయి, కుంచెతో తడిపితే నీటిరంగుల్లాగే పారుతాయి, కాగితం విషయంలో నీటిరంగుల నియమాలే వాటికీ వర్తిస్తాయి.

రంగు ఎన్నాళ్లు నిలవాలన్నది కూడా తూకంలో వేయాలి. మార్కర్లలోని రంగు డై కాబట్టి వెలుతురుకు వెలిసిపోతుంది. కవరులో వెళ్లి పెట్టెలో దాచుకునే కార్డుకు అది సమస్య కాదు, గోడకు తగిలించే ఫ్రేముకు మాత్రం సమస్యే. అటువంటి దానికి వెలుతురుకు నిలిచే మంచి పిగ్మెంట్‌తో చేసిన నీటిరంగులో, పెన్సిళ్లో వాడాలి. రంగు పెన్సిళ్లు వెలుతురుకు ఎంత నిలుస్తాయో కొలవడానికి ఏఎస్‌టీఎం డీ6901 అనే ప్రమాణం ఉంది. పెట్టె మీద ఆ గుర్తు ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు.

ఒక్కటే కొనగలిగితే ఏది అని నిలదీస్తే, తొలిసారి కొనేవారికి నూనె ఆధారిత పెన్సిళ్లు 24, వరసగా అనేక కార్డులు చేసేవారికి ఎంచుకున్న మార్కర్ త్రయాలు, పువ్వులూ ఆకులూ ప్రకృతి దృశ్యాలూ ఎక్కువగా ఒత్తేవారికి నీటిరంగులు అని చెబుతాను. నా బల్ల మీద మాత్రం మార్కరూ పెన్సిలూ కలిసే పనిచేస్తాయి: రెండే షేడ్ల మార్కరుతో అడుగు రంగు పరిచి, అది పూర్తిగా ఆరిన తరువాత పెన్సిలుతో నీడలు, జుట్టుపోగులు, బట్టమీది మడతలు దిద్దుతాను. దీనివల్ల మూడో షేడు కొనే అవసరం తప్పుతుంది, పెన్సిలు పని కూడా సగానికి తగ్గుతుంది. ఈ వరుస తారుమారు కాకూడదు. పెన్సిలు మైనం మీద మార్కరు నడిపితే సిరా పట్టదు, మొన కూడా మూసుకుపోతుంది.

కొనే ముందు అరగంట వెచ్చించి ఒక పని చేయండి. మీ దగ్గరున్న కాగితాల్లోంచి ఒక్కో ముక్క తీసుకొని, ఉన్న ప్రతి ఇంక్ ప్యాడ్‌తోనూ ఒకే చిన్న స్టాంపును మూడేసిసార్లు ఒత్తి, పది నిమిషాలు ఆరనివ్వండి. ఒకదాని మీద తడి కుంచె, ఒకదాని మీద ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకున్న ఆల్కహాల్ మార్కరు, ఒకదాని మీద పెన్సిలు నడిపి, గీత చెదిరిందో లేదో కాగితం వెనుక సిరా పేరుతో సహా రాసి పెట్టుకోండి. నా దగ్గర అటువంటి ముక్కల చిన్న కట్ట ఒకటి ఉంది; కొత్త ప్యాడు కొన్న ప్రతిసారీ దానికి ఒక ముక్క చేరుతుంది.