ఆరేళ్ల తర్వాత నా పాత ఫోర్డ్ ట్రక్కుకి వేసిన నికెల్-కాపర్ బ్రేక్ పైపులు ఎలా ఉన్నాయంటే

2018 అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున హార్డ్‌వేర్ షాపు పార్కింగులోకి తిరుగుతుంటే, బ్రేకు పెడల్ నా కాలి కింద మెత్తగా నేల దాకా పోయింది. వేగం పది మైళ్లు కూడా లేదు కాబట్టి సరిపోయింది. పార్కింగ్ బ్రేకు వేసి, గేరులోనే ఇంజన్ కట్టేసి, పక్కనున్న గడ్డి గట్టు మీదికి ఎక్కించి ఆపాను. దిగి వంగి చూస్తే వెనక యాక్సిల్ మీది పైపులోంచి బ్రేక్ ఆయిల్ కారుతోంది. తుప్పు పొలుసు కింద సూది మొన అంత బెజ్జం. అంతే.

బండి 1965 మోడల్ ఫోర్డ్ ఎఫ్-100. ఆరు సిలిండర్ల ఇంజన్, మన పాత అంబాసిడర్‌లాగే స్టీరింగ్ పక్కన గేరు, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. అది కొని అప్పటికి నాలుగు నెలలు. మేముండేది ఒహాయోలో, కొలంబస్ శివారులో. ఇక్కడ చలికాలం మంచు పడితే రోడ్ల మీద ఉప్పు పోస్తారు. క్లీవ్‌లాండ్ దగ్గర ఈరీ సరస్సు అడుగున ఏకంగా ఉప్పు గనే ఉంది, ఇక కొరతేముంది! ఆ ఉప్పునీళ్లు బండి అడుగుకి చేరి చేసే పని అందరికీ తెలిసిందే. నా ట్రక్కు పైకి మెరిసిపోయేది. అడుగున యాభై ఏళ్లు దాటిన స్టీలు పైపులు, చేత్తో రుద్దితే పొరలు పొరలుగా రాలేవి. కొనేటప్పుడు పెయింట్ చూశాను, ఇంజన్ శబ్దం విన్నాను, అడుగున టార్చిలైటు వేసి చూడలేదు. ఆ తప్పు నాదే.

ఇంకో సంగతి కూడా అప్పుడే బుర్రకెక్కింది. పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టేది మాస్టర్ సిలిండర్, ఈ మోడల్లో దానికి ఒక్కటే గది. నాలుగు చక్రాలకీ ఆయిల్ అక్కణ్నించే వెళ్లాలి. ఎక్కడ చిల్లు పడినా నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి. ముందు చక్రాలకి ఒకటి, వెనక చక్రాలకి ఒకటి అని రెండు గదుల సిలిండర్ ఈ ట్రక్కుకి వచ్చింది 1967 మోడల్ నుంచే. అందుకే పైపులతో పాటు అది కూడా మార్చేద్దామని ఆ చలికాలమే పని మొదలుపెట్టాను.

మొదట చేసింది తెలివితక్కువ పని. ముందే కొలతల ప్రకారం వంచి, చివర్లు తయారు చేసి పంపే స్టెయిన్‌లెస్ స్టీలు సెట్ ఒకటి తెప్పించాను. తుప్పు పట్టదు, అందంగా ఉంటుంది, బిగించడమే కదా అనుకున్నాను. పెద్ద పైపుని పెట్టెలో పట్టించడానికి మధ్యలో వంచి పంపారు, దాన్ని తిన్నగా చేసేసరికే ఒక సాయంత్రం పట్టింది. తర్వాత రెండు జాయింట్ల దగ్గర ఎంత బిగించినా చెమర్చడం ఆగలేదు. స్టెయిన్‌లెస్ గట్టి లోహం. చివర ఫ్లేర్, అంటే గరాటులా విప్పిన అంచు, కొంచెం వంకరగా ఉన్నా అది కూర్చోవాల్సిన సీటులో ఒదగదు, మళ్లీ ఫ్లేర్ కొడదామంటే మామూలు టూల్‌కి లొంగదు. అమ్మినవాళ్ల పేరెందుకులెండి, సగం తప్పు నా పనితనానిది కూడా అయ్యుండొచ్చు. ఆ సెట్ చాలాకాలం గ్యారేజీ మూల పడి ఉండి, పోయినేడాది తుక్కుకి వెళ్లింది.

దాని తర్వాత కొన్నదే ఈ సమీక్షకి అసలు విషయం: నికెల్-కాపర్ పైపు, 3/16 అంగుళం, 25 అడుగుల చుట్ట, నట్లతో కలిపి అప్పట్లో 30 డాలర్ల లోపే. దీన్నే కునిఫర్ అని కూడా అంటారు. రాగి, నికెల్, ఇనుము మూడింటి రసాయన గుర్తులు కలిపి పెట్టిన పేరు అది. దాదాపు 90 శాతం రాగి, 10 శాతం నికెల్, కాస్త ఇనుము, మాంగనీసు. చూడ్డానికి రాగి తీగలా ఉంటుంది కాబట్టి ఇంటికొచ్చిన స్నేహితుడు "ఏసీ పైపు బ్రేకులకి వేస్తున్నావా?" అని భయపడ్డాడు. ఆ భయం సరైనదే. ఉత్త రాగి పైపు బ్రేకులకి వాడకూడదు. అదురుకి కొన్నాళ్లకి గట్టిపడి పగులుతుంది. నికెల్ కలిసిన ఈ మిశ్రమం వేరు. వోల్వో కార్లకి 1970ల నుంచే ఇలాంటి పైపులు వేస్తున్నారు.

దీని గొప్పతనం చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. బొటనవేళ్లతో వంగుతుంది. పాత స్టీలు పైపుని ఊడదీసి నేల మీద పరిచి, దాని పక్కనే కొత్తదాన్ని పెట్టి ఆ వంపులన్నీ చూస్తూ వంచుకుంటూ పోయాను. మరీ చిన్న మలుపుల దగ్గర మాత్రం నొక్కుకుపోకుండా చిన్న బెండరు వాడాను, ఒకటి రెండు చోట్ల సాకెట్ చుట్టూ తిప్పి వంచాను. ఛాసిస్ పట్టీ లోపలి వైపుగా, క్రాస్ మెంబర్ (అడ్డపట్టీ) మీదుగా వెనక్కి వెళ్లే పొడవాటి ముక్క ఒక్కటే ఇబ్బంది పెట్టింది. తేలిగ్గా వంగుతుంది కాబట్టే తిన్నగా నిలబడదు, వండిన సేమ్యాలాగా వేలాడుతుంది. చివరికి ఓ చెక్కమీద దొర్లించి తిన్నగా చేశాను. ముచ్చట కోసం చేసేవాళ్లు దీన్ని గమనించాలి. ఫ్యాక్టరీ పైపు గీత గీసినట్టుంటుంది, నాది ఇప్పటికీ రెండుచోట్ల అలలు పోతుంటుంది. పైగా రంగు. 1965లో వచ్చినట్టే ఉండాలి, పోటీలో పెట్టాలి అనుకునేవాళ్లకి ఈ రాగి రంగు పనికిరాదు. వాళ్లు స్టీలే వేసుకోవాలి.

పాత పైపులు ఊడదీయడం కొత్తవి వేయడం కంటే కష్టం. నట్లు పైపుకి అతుక్కుపోయి ఉంటాయి. మామూలు స్పానర్ పెడితే మూలలు అరిగి గుండ్రమైపోతాయి, నట్‌ని దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ రెంచ్ తప్పనిసరి. తుప్పు వదిలించే నూనె మూడు రోజులు వరసగా కొట్టినా ముందు ఎడమ చక్రం నట్ కదల్లేదు. ఎలాగూ పైపు పారేసేదే కదా అని కట్ చేసి, ఆరు మూలల సాకెట్ ఎక్కించి తిప్పితే వచ్చింది. పనిలో పనిగా మూడు రబ్బరు పైపులూ మార్చాను, ముందువి రెండు, వెనకది ఒకటి. లోపల రబ్బరు ఉబ్బి ఆయిల్ దారి మూసుకుపోతే బ్రేకు పట్టి వదలదు, బయటికి చూస్తే మాత్రం బాగానే ఉన్నట్టుంటుంది. పాతవాటిలో ఒకదాన్ని కోసి చూస్తే అదే కనబడింది.

ఇక ఫ్లేర్. ఈ పని అంతటిలో ప్రాణమంతా ఇక్కడే ఉంది. అమెరికా పాత బళ్లకి కావాల్సింది 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్, అంటే పైపు అంచుని వెడల్పు చేసి మళ్లీ లోపలికి మడవాలి. సింగిల్ ఫ్లేర్ బ్రేకులకి కొట్టకూడదు, చీలుతుంది. పైపుని కట్టర్‌తో నిటారుగా కోయాలి, లోపలి గరుకు తీయాలి, అంచు బయట సన్నగా అరగదీయాలి, అంచుని మడిచే అచ్చు (డై) మీద చుక్క బ్రేక్ ఆయిల్ వేయాలి. వీటన్నిటికంటే ముందు, నట్‌ని పైపు మీదికి ఎక్కించాలి! చక్కటి ఫ్లేర్ కొట్టి, మెచ్చుకుంటూ చూసుకుని, కింద నట్ కనబడక ఆ చివర కోసి పారేసింది మూడుసార్లు. మూడోసారి మా ఆవిడ అక్కడే ఉంది, అది ఇప్పటికీ పెళ్లిళ్లలో కూడా చెప్తుంది.

తక్కువ ధర బిగింపు టూల్‌తో కొట్టిన మొదటి ఆరింటిలో నాలుగు పక్కకి ఒరిగాయి. పైపు జారిపోతుంది, అంచు ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా వస్తుంది. తర్వాత వైస్‌లో బిగించే టూల్ కొన్నాను, లీవరు ఒక్కసారి లాగితే ఒక మెట్టు అవుతుంది. దాని ఖరీదు పైపు ఖరీదుకి ఏడెనిమిది రెట్లు. పైపు గురించి అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే: పైపు దగ్గర డబ్బు ఆదా అవుతుంది, దాన్ని తీసుకెళ్లి టూల్ మీద పెట్టండి. కొనడం ఇష్టం లేకపోతే ఇక్కడి ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ తీసుకుని టూల్ అరువిస్తారు. మెత్తటి లోహం కావడంతో ఫ్లేర్ సీటులో చక్కగా ఒదుగుతుంది. ఒకసారి బిగించి, కొంచెం వదులు చేసి, మళ్లీ బిగిస్తే చాలు. స్టెయిన్‌లెస్‌తో పళ్లు కొరికిన చోట ఇది మర్యాదగా కూర్చుంది.

మాస్టర్ సిలిండర్ దగ్గర పైపుకి రెండు చుట్లు తిప్పి పెట్టాను. అది సోకు కోసం కాదు. సిలిండర్ ఉండేది క్యాబిన్ గోడకి, క్యాబిన్ కూర్చునేది రబ్బరు బుష్‌ల మీద. గుంతల్లో క్యాబిన్ ఒకలా, ఛాసిస్ ఒకలా ఊగుతాయి. మధ్యలో బిగువుగా ఉన్న పైపైతే ఎప్పటికో తెగుతుంది. వెనక లైను పాత జంక్షన్ నుంచి తప్పించి, కొత్త సిలిండర్ రెండో గది నుంచి వేరేగా తీసుకెళ్లాను.

పైపుల్లో చిక్కుకున్న గాలి తీయడానికి రెండు రాత్రులు పట్టింది. మా ఆవిడ క్యాబిన్‌లో, నేను కింద. "తొక్కు." "తొక్కాను." "పట్టుకో." "పట్టుకున్నానండీ, ఇంకా ఎంతసేపు?" చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ వదులు చేస్తే బుడగలు, బిగించి "వదిలెయ్." దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలుపెట్టి, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. మొదటి రాత్రి ఎంతసేపు చేసినా పెడల్ స్పాంజిలాగే ఉంది. విసుగొచ్చి గుంటూరులో ఉన్న బాబాయికి వీడియో కాల్ చేశాను. ముప్పై ఏళ్లు జీపు నడిపిన మనిషి. ఆయన రెండే అడిగాడు. "సిలిండర్ బిగించే ముందు బల్ల మీద పెట్టి గాలి తీశావుట్రా? డ్రమ్ముల్లో లైనర్లు దగ్గరికి అడ్జస్ట్ చేశావా?" రెండూ చేయలేదు. మర్నాడు సిలిండర్ విప్పి, వైస్‌లో పెట్టి గాలి తీసి, డ్రమ్ములు కాస్త రాసుకునేదాకా అడ్జస్టర్ తిప్పాక పెడల్ పైన సగంలోనే గట్టిగా ఆగింది.

ఇదంతా 2019 మార్చికి పూర్తయింది. అప్పట్నుంచి 11,000 మైళ్లకి పైగా తిరిగింది. ఎండాకాలం రోజూ, చలికాలం రోడ్డు ఆరి ఉన్నప్పుడు మాత్రమే అనేది నియమం. అయినా ఉప్పుకి రెండు మూడుసార్లు దొరికిపోయాను. ప్రతి ఏప్రిల్లో నాలుగు స్టాండ్ల మీదికి ఎక్కించి అడుగంతా చూస్తాను. పైపుల్లో తుప్పు లేదు. మొదట్లో కొత్త రాగి పైసాలా ఉన్న రంగు ఇప్పుడు ముదురు గోధుమ రంగుకి వచ్చింది, చక్రాల దగ్గర అక్కడక్కడ పచ్చటి ఛాయ. ఎక్కడా కారడం లేదు, చెమర్చడం లేదు. నట్లు మాత్రం అంత బాగా లేవు. అవి మామూలు పూత వేసిన స్టీలు కాబట్టి మూడో ఏటికే తుప్పు ఛాయ కనబడింది. మైనం లాంటి స్ప్రే కొడుతున్నాను, పెరగలేదు. మళ్లీ కొనేటప్పుడు నట్లు విడిగా మంచివి కొంటాను, చుట్టతో వచ్చేవి చవక సరుకు.

మెత్తదనానికి కట్టాల్సిన మూల్యం కూడా ఒకటుంది, అది నాకు 2022లో కనబడింది. వెనక లైనుకి రెండు క్లిప్పుల మధ్య దూరం ఎక్కువ వదిలేశాను, దాదాపు రెండున్నర అడుగులు. అదురుకి పైపు ఒక బోల్టు తలకి రాసుకుంటూ మెరిసే గాడి పడింది. స్టీలైతే ఇంకా చాలాకాలం తట్టుకునేదేమో. ఆ ముక్క కోసి కొత్తది వేశాను. మధ్యలో కంప్రెషన్ జాయింట్ (ఫ్లేర్ లేకుండా రింగు నొక్కి బిగించేది) వేయడం బ్రేకులకి నిషిద్ధం కాబట్టి రెండు వైపులా ఫ్లేర్ కొట్టి యూనియన్‌తో (రెండు పైపుల్ని కలిపే ముక్కతో) కలిపాను. ఇప్పుడు అడుగున్నరకి ఒక రబ్బరు క్లిప్పు. చక్రాలు రాళ్లు చిమ్మే చోట స్ప్రింగు తొడుగు వేశాను, మొదట అది దండగ అనుకున్నాను కానీ దాని మీద దెబ్బలు చూశాక మనసు మారింది.

బ్రేక్ ఆయిల్ మామూలు డాట్ 3 రకమే. రెండేళ్లకోసారి మారుస్తాను, అది గాలిలో తేమ పీల్చుకుంటుంది కాబట్టి. కొత్తప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా తట్టుకోవాల్సింది, తడి పట్టాక 140 దగ్గరే మరిగిపోవచ్చు. సిలికాన్ డాట్ 5 వేస్తే పెయింట్ పాడవదని కొందరు చెప్తారు, నిజమే. కానీ దాన్ని పాత ఆయిల్‌తో కలపకూడదు, ఆ గొడవ నాకొద్దనుకున్నాను. ఒలికిన చోట వెంటనే నీళ్లు కొట్టి కడిగేస్తాను. ఒక్కసారి మర్చిపోయినందుకు క్యాబిన్ గోడ మీద అరచేయంత నీలం రంగు లేచిపోయింది, ఇంకా అలాగే ఉంది.

చుట్టలో నాలుగడుగుల ముక్క మిగిలితే గోడకి తగిలించాను. పక్కింటాయన తన 1972 పికప్ కోసం దాన్ని రెండుసార్లు అడిగాడు. ముక్క ఇవ్వలేదు, చుట్ట ఎక్కడ దొరుకుతుందో చెప్పి ఫ్లేరింగ్ టూల్ చేతిలో పెట్టాను. నట్ ముందు ఎక్కించమని కూడా చెప్పాను. నిన్న సాయంత్రం వచ్చి ఇంకో చుట్ట ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నాడు.