సీ హాక్, సీ హారియర్, స్వోర్డ్‌ఫిష్: మొదటి నౌకాదళ విమాన మోడల్‌గా ఏది మేలు?

బ్రిటిష్ నౌకాదళ విమానాల మోడల్ కిట్లు కట్టాలని మనసు పడినవారిలో చాలామంది మొదట స్వోర్డ్‌ఫిష్ పెట్టెనే చేతికి తీసుకుంటారు. అందుకు తగిన కారణమూ ఉంది. 1940 నవంబర్ 11 రాత్రి ఇలస్ట్రియస్ అనే విమానవాహక నౌక మీది నుండి రెండు విడతలుగా బయలుదేరిన 21 స్వోర్డ్‌ఫిష్‌లు ఇటలీలోని టారంటో రేవులో నిలిచి ఉన్న యుద్ధనౌకలను దెబ్బతీశాయి. మరుసటి ఏడాది మే 26న ఆర్క్ రాయల్ నుండి వెళ్లిన స్వోర్డ్‌ఫిష్ వదిలిన టార్పెడో జర్మనీ యుద్ధనౌక బిస్మార్క్ చుక్కానిని పనికిరాకుండా చేసి, వెంటాడుతున్న బ్రిటిష్ నౌకలకు దాన్ని అప్పగించింది. అంత చరిత్ర ఉన్న విమానాన్ని బల్ల మీద నిలుపుకోవాలని ఎవరికి ఉండదు? అయినా మొదటి కిట్‌గా దాన్ని ఎంచుకోవడం మంచిది కాదని నా అభిప్రాయం. దాని పక్కన సీ హాక్, సీ హారియర్ అనే జెట్ విమానాలను ఉంచి, ఏది కట్టేవారి చేతికి ఎలా లొంగుతుందో ఇక్కడ పోల్చి చూస్తాను.

ముందుగా స్కేలు సంగతి తేల్చుకోవాలి. 1/72 స్కేలులో అసలు విమానంలోని ఆరు అడుగులు మోడల్‌లో ఒక అంగుళం అవుతాయి. 1/48లో ఒక్కో అడుగు పావు అంగుళం అవుతుంది. స్వోర్డ్‌ఫిష్ రెక్కలు ఈ కొస నుండి ఆ కొసకు 13.87 మీటర్లు కాబట్టి మోడల్ 1/72లో 19 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, 1/48లో దాదాపు 29 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. సీ హాక్ రెక్కలు 11.89 మీటర్లు, అంటే 1/72లో పదహారున్నర, 1/48లో దాదాపు 25 సెంటీమీటర్లు. సీ హారియర్ రెక్కలు పొట్టివి, 7.7 మీటర్లే కనుక 1/72లో 11 సెంటీమీటర్లకు మించవు. చిన్న స్కేలులో ఖర్చు తక్కువ, చోటు తక్కువ; కానీ కాక్‌పిట్‌లోని సీటు పట్టీలు, చక్రాల గదుల్లోని గొట్టాలు కంటికి ఆనవు. మొదటిసారి చేసేవారికి వేళ్ల మధ్య పట్టు దొరకాలంటే 1/48 మేలు. అద్దాల బీరువాలో ఒక్క అర మాత్రమే ఉన్నవారు, వరుసగా పది విమానాలు నిలపాలనుకునేవారు 1/72కే కట్టుబడి ఉండటం తెలివైన పని.

ఇక స్వోర్డ్‌ఫిష్. దీని కష్టమంతా రెండు రెక్కల నడుమనే ఉంది. ఇది బైప్లేన్, కింది రెక్క, పై రెక్క, వాటిని కలిపే నిలువు స్తంభాలు, ఆ స్తంభాల మధ్య అడ్డంగా, ఐమూలగా బిగించిన తీగలు అన్నీ ఒకదానితో ఒకటి కుదరాలి. పై రెక్క రెండు మిల్లీమీటర్లు పక్కకు ఒరిగినా ఎదురుగా నిలబడి చూసేవారి కంటికి అది వెంటనే తగులుతుంది, జిగురు ఆరిన తరువాత సరిదిద్దే వీలు ఉండదు. నేను మొదటిసారి ఈ విమానాన్ని కట్టినప్పుడు రెక్కలను అతికించాక రంగు వేయబోయాను. స్తంభాల వెనుక కుంచె చేరలేదు, చేరినచోట రంగు ముద్దలు కట్టింది. రెండు రెక్కలకూ విడివిడిగా రంగు వేసి, డెకాల్స్ (నీటిలో తడిపి అతికించే గుర్తుల పొరలు) అతికించి, తీగలకు సన్నని డ్రిల్‌తో ముందే రంధ్రాలు వేసుకుని, ఆ తరువాతే రెక్కలను కలపాలని అప్పుడు తెలిసింది.

తీగల పని వేరే విద్య. కొందరు స్ప్రూ ముక్కను, అంటే కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడను, కొవ్వొత్తి మీద వేడిచేసి వెంట్రుకంత సన్నగా సాగదీసి వాడతారు, కొందరు సన్నని గాలపు దారం వాడతారు, మరికొందరు సాగే దారం కొని తెచ్చుకుంటారు. చేయి తగిలినా తెగకుండా తిరిగి బిగుసుకుంటుంది కనుక కొత్తవారికి సాగే దారమే నయం. అయితే అసలు విమానంలోని తీగలు గుండ్రని తాళ్లు కావు. గాలిని చీల్చుకుపోయేలా బల్లపరుపుగా చేసిన ఉక్కు పట్టీలు. కిట్లు తయారుచేసే టామియా సంస్థ తన 1/48 స్వోర్డ్‌ఫిష్‌కు విడిగా అమ్మిన పల్చని లోహపు తీగల జత ఈ కారణం చేతనే దారం కంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. 1/72లో ఎయిర్‌ఫిక్స్ అనే మరో సంస్థ కొత్త అచ్చులతో తెచ్చిన స్వోర్డ్‌ఫిష్ చక్కగా అమరుతుంది, రెక్కలు మడిచి చూపే వీలు కూడా ఉంది. అసలు విమానం రెక్కలు మడిస్తే వెడల్పు 5.26 మీటర్లకు తగ్గుతుంది, అంటే మోడల్ ఏడు సెంటీమీటర్ల పైచిలుకు చోటులో ఒదిగిపోతుంది. చోటు కలిసివస్తుందని కొత్తవారు దీనికి మొగ్గుతారు గానీ, మడిచిన రెక్కలను సరైన కోణంలో నిలపడం చాచిన రెక్కల కంటే కష్టం.

టారంటో విమానాన్నే కట్టాలనుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ రాత్రి టార్పెడోలు మోసిన విమానాలు దూర ప్రయాణం కోసం అబ్జర్వర్ (దారి చూసే అధికారి) కూర్చునే మధ్య స్థానంలో అదనపు ఇంధనపు ట్యాంకు పెట్టుకున్నాయి, అందువల్ల ముగ్గురికి బదులు ఇద్దరే వెళ్లారు. ముగ్గురు మనుషుల బొమ్మలూ కూర్చోబెట్టిన టారంటో స్వోర్డ్‌ఫిష్ ఎంత అందంగా ఉన్నా తప్పే.

సీ హారియర్ దీనికి పూర్తిగా భిన్నమైనది. తీగలు లేవు, రెక్క ఒక్కటే, రంగూ తేలిక. 1982 ఫాక్లండ్స్ యుద్ధానికి ముందు పైన ముదురు సముద్రపు బూడిద రంగు, కింద తెలుపు ఉండేవి. యుద్ధానికి బయలుదేరినప్పుడు ఆ తెలుపును కప్పేసి విమానమంతా ముదురు బూడిద రంగు చేశారు. 809 స్క్వాడ్రన్ విమానాలు మాత్రం లేత బూడిద రంగులో వెళ్లాయి. ఒకే రంగుతో ముగిసే యుద్ధకాలపు విమానం కొత్తవారికి వరమే అనిపిస్తుంది. చిక్కు వేరేచోట ఉంది. దీని ముఖ్య చక్రాలు ముందు ఒకటి, వెనుక ఒక జత, సైకిలు మాదిరిగా నడుమ గీత మీద ఉంటాయి. రెక్కల కొసల దగ్గర రెండు చిన్న ఊతచక్రాలు ఉంటాయి. ఇవన్నీ ఒకేసారి బల్లను తాకాలి. ఏ కాలు అర మిల్లీమీటరు పొడుగైనా మోడల్ ఒకవైపు కుంటుతుంది. అందుకని జిగురు పచ్చిగా ఉండగానే మోడల్‌ను అద్దపు పలక మీద నిలబెట్టి ఆరనివ్వాలి.

రెండో చిక్కు గాలి పీల్చుకునే పెద్ద నోళ్లు. లోపలి ఫ్యాన్ స్పష్టంగా కనిపిస్తుంది కనుక అతుకులను పుట్టీతో నింపి, ఆ ఇరుకులో సాన పట్టక తప్పదు. ఆ నోళ్ల చుట్టూ ఉన్న చిన్న తలుపుల్లో పైవి, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు తమ బరువుకే లోపలికి వాలి తెరుచుకుంటాయి, కిందివి మూసుకుని ఉంటాయి. అన్నీ మూసి అచ్చుపోసిన కిట్లలో ఈ నిజం కనిపించదు. తలుపులు కోసి వంచడం మొదటి కిట్‌లో చేయవలసిన పని కాదు.

సీ హాక్‌లో ఇలాంటి ఉచ్చులు తక్కువ. హాకర్ సంస్థ రూపొందించిన ఈ విమానంలో రోల్స్ రాయిస్ నీన్ ఇంజన్ వదిలే వేడి గాలి తోక వరకు పోకుండా, రెండుగా చీలి రెక్కల మొదళ్లలోని రెండు గొట్టాల గుండా బయటికి పోతుంది. ఆ గొట్టాల లోపలి అతుకులను సాన పట్టడం ఒక్కటే కాస్త ఓపిక కోరే పని. మిగిలినదంతా నేర్పుతూ నడిపించే కిట్: మూడు చక్రాల మామూలు అమరిక, నున్నని దేహం, పైన ముదురు బూడిద రంగు, కింద స్కై అని పిలిచే లేత ఆకుపచ్చ ఛాయ రంగు, రెండింటి మధ్య మాస్కింగ్ టేపుతో సులువుగా తీయగల తిన్నని గీత. ముక్కులో బరువు పెట్టడం మరిచిపోతే మాత్రం విమానం తోక మీద కూలబడుతుంది. గాలాలకు కట్టే సీసపు గుళ్లను కాక్‌పిట్ కింద, దాని ముందు కూరి, దేహపు రెండు సగాలూ అతికించే ముందు ఒకసారి నిలబెట్టి చూసుకోవాలి. 1956 సూయజ్ యుద్ధపు విమానాల నలుపు పసుపు పట్టీలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, వాటిని రెండో సీ హాక్‌కు దాచుకోవడం మంచిది.

నాకు సీ హాక్ మీద ఉన్న మక్కువకు మరో కారణం ఉంది, దాన్ని దాచను. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడేందుకు వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం రేవు ముందు మునిగిపోయింది. 4వ తేదీన విక్రాంత్ నుండి లేచిన సీ హాక్‌లు బంగాళాఖాతం మీదుగా వెళ్లి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. ఆ దాడి చేసిన 300వ స్క్వాడ్రనే తరువాత సీ హారియర్‌లకు మారి, 2016 మే వరకు వాటిని నడిపింది. ఈ రెండు విమానాలనూ గోవాలోని నౌకాదళ విమానాల మ్యూజియంలో దగ్గరగా చూడవచ్చు. కిట్ పెట్టె తెరిచే ముందు ఒకసారి వెళ్లి చక్రాల గదులను ఫోటో తీసుకుని వస్తే నెలల పాటు పనికివస్తాయి.

భారత నౌకాదళపు గుర్తులతో కట్టదలచినవారికి ఈ రెండింటిలోనూ జాగ్రత్తలు ఉన్నాయి. మన సీ హాక్‌లన్నీ ఒక్క రకం కావు. పశ్చిమ జర్మనీ నుండి కొన్న 28 విమానాలకు నిలువు తోక మరికాస్త ఎత్తుగా ఉండేది. కాబట్టి ముందు విమానం సంఖ్యను, దాని ఫోటోను ఖాయం చేసుకుని, ఆ తరువాతే కిట్ కొనాలి. ట్రంపెటర్ సంస్థ 1/48లో బ్రిటిష్ రకాన్నీ జర్మన్ రకాన్నీ వేర్వేరు పెట్టెల్లో ఇచ్చింది. సీ హారియర్ విషయంలో దేహం ఎఫ్ఆర్ఎస్ 1 అనే బ్రిటిష్ రకం మాదిరే గానీ, మన విమానాలు సైడ్‌వైండర్ క్షిపణులకు బదులు ఫ్రాన్సు మాత్రా మ్యాజిక్ క్షిపణులు మోసేవి. వాటిని మరో కిట్ నుండి తెచ్చుకోవాలి. బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ ఉన్న వలయాలను ఇంట్లోని ప్రింటర్ మీద అచ్చు వేయాలనుకుంటే, అది తెలుపును అచ్చు వేయలేదు కనుక ముందు తెల్లని గుండ్రాన్ని రంగుతో వేసుకోవాలి.

కోస్తా జిల్లాల్లో పనిచేసేవారికి తేమ ఒక బాధ. వానాకాలంలో లక్క రకం రంగులు, పైపూతలు ఆరేటప్పుడు పాలు ఒలికినట్టు తెల్లబారతాయి. నీటి రంగులకు ఈ బెడద లేదు, వాసనా తక్కువ.

ఈ లెక్కన మొదటిదిగా 1/48 సీ హాక్, రెండోదిగా యుద్ధకాలపు రంగులో 1/72 సీ హారియర్, ఆ రెండింటి మీద చేయి తిరిగాక తీగలతో సహా స్వోర్డ్‌ఫిష్ అని నా సలహా. ఖర్చు వల్ల ఒక్కటే కొనగలిగేవారు, భారత గుర్తుల పట్టింపు లేనివారు అయితే సీ హారియర్‌తో మొదలుపెట్టినా నష్టం లేదు, అద్దపు పలక ఒకటి పక్కన ఉంచుకుంటే చాలు. స్వోర్డ్‌ఫిష్‌నే కట్టి తీరాలనుకునేవారు మాత్రం దాన్ని 1/48లోనే తీసుకుని, రెక్కలు చాచే కట్టాలి.