మోటారుకి మంచినీళ్లు పట్టే రబ్బరు కప్పులు, ఏడాది వాడాక చెప్తున్నా

మాది గంజాం జిల్లా, ఆర్యపల్లి దగ్గర. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పని వేట. నాన్నకీ నాకూ కలిపి ఒక ఫైబర్ బోటు, దానికి 9.9 హార్స్‌పవర్ యమహా టూ స్ట్రోక్ మోటారు. ఆ మోటారు కడగడానికని పోయిన ఏడాది వైజాగ్ నుంచి ఫ్లషింగ్ మఫ్ తెప్పించాను, వెయ్యి లోపే అయింది. చూడనివాళ్లకి చెప్తున్నా, రెండు రబ్బరు కప్పులు, రెంటినీ కలుపుతూ వంచిన కమ్మీ, ఒక కప్పుకి పైపు తగిలించే మూతి, అంతే. మోటారు కాలుకి, అంటే నీళ్లలో మునిగే కింది భాగానికి, రెండు పక్కలా నీళ్లు పీల్చే జాలీ ఉంటాది కదా, దాని మీద ఈ కప్పులు అదిమి, పైపు తిప్పి స్టార్ట్ చేస్తే సముద్రంలో ఉప్పునీళ్లు పీల్చినట్టే ఇక్కడ మంచినీళ్లు పీల్చుకుని లోపలంతా కడుక్కుంటాది.

ఇది ఎందుకు కొన్నానో చెప్పాలి. రెండేళ్ల కిందట ఒడ్డుకి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉండగా ఇంజన్ని చల్లబరిచి మోటారు వెనక నుంచి బయటకొచ్చే నీళ్ల ధార సన్నబడింది, కాసేపటికి చుక్కలు, తర్వాత అవీ లేవు. నాన్న వెంటనే ఆపీమన్నాడు, ఆపబట్టి పిస్టన్ బతికింది. పక్క బోటువాళ్లు తాడేసి లాక్కొచ్చారు. ఇంటికొచ్చి థర్మోస్టాట్ (వేడిని బట్టి ఆ నీళ్లని వదిలే కవాటం) మూత విప్పితే లోపల ఉప్పు రాయిలా పేరుకుపోయి ఉంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పలకల్లా రాలింది. లీటరు సముద్రం నీళ్లలో 35 గ్రాముల దాకా ఉప్పుంటాది, వేడెక్కిన ఇంజన్ ఆపీసి అలాగే వదిలేస్తే లోపల నిలిచిన నీళ్లు ఆరిపోయి ఉప్పు అక్కడే గడ్డకడతాది, రోజూ కొంచెం కొంచెం. మేము అప్పటిదాకా పైన బకెట్టు నీళ్లు పోసి తుడిచి కడిగేశాం అనుకునేవాళ్లం, లోపలికి చుక్క వెళ్లలేదు.

ఇప్పుడు కప్పుల సంగతి. పని చేస్తాయి, అనుమానం లేదు. మొదటిసారి పెట్టినప్పుడు ధారలో వేలు పెట్టి నాలిక మీద వేసుకున్నాను, ఉప్పు. మూడు నిమిషాలకి కొంచెం తగ్గింది, ఏడెనిమిది నిమిషాలకి చప్పగా అయింది. అందుకే పది నిమిషాలకి తక్కువ పెట్టొద్దు అంటాను. ముందు పైపు తిప్పి నీళ్లు బయటకి చిమ్మాకే ఇంజన్ స్టార్ట్ చెయ్యాలి, ఇంజన్ ఆపాకే పైపు కట్టెయ్యాలి, ఇది తలకిందులు చేస్తే లోపల నీళ్లు తోడే ఇంపెల్లర్ చక్రం రబ్బరు సెకన్లలో కాలిపోతాది. న్యూట్రల్‌లోనే ఉంచాలి, స్పీడు పెంచకూడదు, పంకా, అదే ప్రొపెల్లర్, విప్పీస్తే ఇంకా మంచిది, పిల్లలు తిరిగే వాకిట్లో అయితే తప్పకుండా విప్పండి.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. మా డాబా మీద ట్యాంకు నీళ్లకి ఫోర్సు చాల్లేదు, కప్పు అంచుల నుంచి కారిపోయి ధార సరిగ్గా రాలేదు, అర హార్స్‌పవర్ పంపు పెట్టాక కుదిరింది. ఒడ్డు మీద కుళాయి ఉండదు కాబట్టి ముప్పై ఐదు నలభై కిలోల మోటారుని రోజూ భుజమ్మీద ఇంటికి మోసుకురావాల్సిందే. ఇక ఆ కమ్మీ. ఉప్పుకి తట్టుకునే పనికి అమ్మే సామానుకి మామూలు ఇనుప కమ్మీ పెడతారా? రెండో నెలకే తుప్పు పట్టి స్ప్రింగు పట్టు వదిలీసింది, నేను స్టీలు కమ్మీ వంచి పెట్టుకున్నాను. కొనేటప్పుడు అయస్కాంతం ఆనించి చూడండి, గట్టిగా అతుక్కుంటే తీసుకోకండి. డొంకూరులో ఉన్న మా బావ మోటారు వేరే కంపెనీది, దానికి పంకా పైన ఉన్న ప్లేటు కింద కూడా నీళ్లు పీల్చే రంధ్రం ఉంది, కప్పులు పెడితే అక్కడ గాలి లాగీసేది, టేపు వేశాక ఆగింది. అలాంటి చిన్న మోటార్లకి 200 లీటర్ల డ్రమ్ము పైభాగం కోసి చెక్క స్టాండుకి మోటారు తగిలించి డ్రమ్ములో దింపి నడపడమే మేలు. బావ ఇప్పుడు అదే చేస్తున్నాడు, నిజం చెప్పాలంటే వాడి పద్ధతే నాకూ నచ్చింది, నీళ్లు మాత్రం ప్రతిసారీ మార్చాలి.

ఇంకోటి, కడిగే నీళ్లు ముందు నాలిక మీద వేసుకోండి. మా వీధి బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, మధ్యలో ఒక నెల దాంతోనే కడిగాను, నాన్న చూసి "ఉప్పుని ఉప్పుతో కడుగుతావేంట్రా" అన్నాడు. అప్పట్నుంచి మంచినీళ్ల బావి నుంచే.

కప్పులు లోపలికే, బయటి కాలు సంగతి వేరు. అల్యూమినియం కాలు, స్టీలు షాఫ్టు రెండూ ఉప్పునీళ్లలో కలిస్తే అల్యూమినియమే అరిగిపోతాది, అందుకే కంపెనీవాళ్లు ఆనోడ్ అని ఒక ముక్క బిగిస్తారు, కాలు బదులు అది అరగాలని. మోటారుకి రంగేయమని ఒక మెకానిక్‌కి ఇస్తే ఆనోడ్ మీద కూడా రంగు పూసీసాడు. చూడ్డానికి కొత్తదానిలా ఉంది. నాలుగు నెలలకి కాలు మీద రంగు బుడగల్లా లేచింది, గోటితో గీకితే కింద సున్నంలా తెల్లపొడి, దాని కింద కందిగింజంత గుంటలు. ఆనోడ్ మాత్రం కొత్తగా అలాగే ఉంది. రంగు పడితే అది పనిచెయ్యదు, దాని మీద రంగు వెయ్యకూడదు, బిగించే చోట కూడా లోహం లోహానికి తగలాలి. సగం అరిగితే మార్చీండి. రాగి ఉన్న పడవ రంగు మోటారు కాలుకి అస్సలు వద్దు, అల్యూమినియాన్ని ఇంకా తినేస్తాది. చిలిక సరస్సులో, రుషికుల్య నది సముద్రంలో కలిసే మూతి దగ్గర నీళ్లు సగం ఉప్పు సగం తీపి కదా, అక్కడ తిరిగేవాళ్లు జింకు బదులు అల్యూమినియం ఆనోడ్ అడగండి, ఆ నీళ్లలో జింకు మీద పొర కట్టి పని మందగిస్తాది.

మా వైపు అసలు కష్టం ఖాళీగా ఉంచడం. గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ల కోసం రుషికుల్య మూతి దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 దాకా మోటారు బోట్లకి వేట లేదు, అంటే ఏడు నెలలు మోటారు ఇంటి మూల. కడగకుండా పెడితే ఆ ఏడు నెలల్లో అయ్యే నష్టం వేటలో ఏడాది తిరిగినా అవ్వదు. అందుకని అక్టోబర్ ఆఖరున చివరిసారి కప్పులు పెట్టి ఇరవై నిమిషాలు కడిగాను, పెట్రోల్ పైపు తీసి కార్బొరేటర్ ఎండేదాకా నడిపాను, పంకా విప్పి షాఫ్టుకి గ్రీజు రాశాను. అక్కడ సీలు దగ్గర నైలాన్ వల దారం చుట్టుకుని ఉంది, అది తీసేసాను, వదిలితే సీలు కోసేసి గేరు ఆయిల్లోకి నీళ్లు పోతాయి. ఆయిల్ విప్పి చూస్తే నల్లగానే ఉంది, పాలలా తెల్లబడితే నీళ్లు దిగినట్టు లెక్క. బోల్టులకి, బిగింపు స్క్రూలకి మెరైన్ గ్రీజు. మోటారు పడుకోబెట్టకుండా నిలువుగానే పెట్టాను, నీళ్లు కారిపోవాలి కదా.

ఇసక గురించి కూడా అడగొచ్చు మీరు. ఛత్రపూర్ పక్కన కేంద్ర ప్రభుత్వ కంపెనీ ఐఆర్ఈఎల్ ఖనిజాల కోసం తవ్వే ఆ బరువైన నల్ల ఇసకే మా ఒడ్డుది, అలల్లో బోటు దింపేటప్పుడు జాలీలోకి వెళ్తాది. కప్పులతో కడిగితే కొంత వస్తాది కానీ ఇంపెల్లర్ అరగడం ఆగదు, ఏడాదికోసారి మార్చుకోండి, నేనూ మార్చాను.

జూన్ 1 పొద్దున బయటకి తీస్తే మూడో లాగుకి స్టార్ట్ అయింది, ధార తాడులా వచ్చింది. నాన్న దాని కింద చెయ్యి పెట్టి, నాలిక మీద వేసుకుని, చప్పగా ఉందిరా అన్నాడు.