హ్యాటీ మెక్‌డానియల్ కోసం లాస్ ఏంజెలెస్: ఏవి చూడాలి, ఎక్కడ దిగాలి

లాస్ ఏంజెలెస్ వెళ్ళే మనవాళ్ళ ప్లాన్ దాదాపు ఒకటే ఉంటుంది. హాలీవుడ్ సైన్ ముందు ఫొటో, యూనివర్సల్ స్టూడియోస్, డిస్నీల్యాండ్, వీలైతే మాలిబు గుడి. నేను ఈసారి అవన్నీ పక్కన పెట్టి ఒక్క నటి కోసం తిరిగాను. ఆవిడ హ్యాటీ మెక్‌డానియల్, ‘గాన్ విత్ ద విండ్’లో మామీ వేషం వేసినావిడ. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి వ్యక్తి ఆవిడే. హీరోయిన్ కాదు, క్యారెక్టర్ ఆర్టిస్టు. మనకు గయ్యాళి అత్త అంటే సూర్యకాంతం గారు ఎలాగో, అప్పటి అమెరికన్ సినిమాలో పెద్దింటి పనిమనిషి అంటే ఈవిడ అలాగ. కాకపోతే సూర్యకాంతం గారిని భోజనాల దగ్గర వేరే బల్ల మీద కూర్చోమన్నవాళ్ళు లేరు. హ్యాటీని కూర్చోబెట్టారు, అదీ ఆస్కార్ తీసుకున్న రాత్రే.

ముందు ఆవిడ గురించి కొంచెం. పుట్టింది కాన్సాస్‌లోని విచిటాలో. పదమూడు మంది పిల్లల్లో ఆఖరిది. తండ్రి బానిసగా పుట్టి, అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున పోరాడినవాడు. తల్లి చర్చిలో పాడేది. పెరిగింది కొలరాడోలో, ముఖ్యంగా డెన్వర్‌లో. అన్నలతో కలిసి నాటక బృందాల్లో తిరిగింది, పాటలు రాసింది, రికార్డులిచ్చింది. 1929లో మార్కెట్ కుప్పకూలి అవకాశాలు ఎండిపోయినప్పుడు మిల్వాకీలో ఒక క్లబ్బులో బాత్‌రూమ్ అటెండెంట్‌గా చేరింది. కొన్నాళ్ళకి అక్కడే స్టేజీ ఎక్కి పాడింది. 1931లో లాస్ ఏంజెలెస్ వచ్చేసింది. వేషాలు లేనప్పుడు ఇళ్ళల్లో పని చేసింది. తెర మీద వేసిన వేషాన్ని బయట నిజంగా బతికిన మనిషి. అందుకే మామీ పాత్రలో ఆ కనుబొమ ఎగరేయడం, ఆ విసుగు, ఆ ప్రేమ అంత బరువుగా ఉంటాయని నా నమ్మకం.

ఇక తిరుగుడు సంగతి. అర్వైన్‌లో ఉంటున్న మా పెద్దమ్మ కూతురు, “ఇంత దూరం వచ్చి శ్మశానాలు చూస్తానంటావేంటే? ఒక్కరోజు నాతో బీచ్‌కి రా” అంది. “రెండు శ్మశానాలే కదక్కా, మిగతావన్నీ మంచి చోట్లే” అని ఒప్పించి, తననే కారు తియ్యమన్నాను. హ్యాటీ ఇల్లున్న వెస్ట్ ఆడమ్స్ పేటకి వచ్చాక ఇంకో గంట ఉందామన్నది తనే.

సినిమా తీసిన స్టూడియో కల్వర్ సిటీలో ఉంది. వాషింగ్టన్ బులవార్డ్ మీద తెల్లటి స్తంభాల భవనం కనిపిస్తుంది, అప్పట్లో అది సెల్జ్‌నిక్ ఇంటర్నేషనల్. అట్లాంటా తగలబడే సీనును 1938 డిసెంబరులో ఈ స్టూడియోవాళ్ళ ఆరుబయలు స్థలంలోనే, పాత సెట్లకు నిప్పంటించి తీశారు. ఆ స్థలం ఇప్పుడు లేదు. స్టూడియోలోకి బయటివాళ్ళని రానివ్వరు, రోడ్డు మీద నుంచి చూడటమే. పావుగంట చాలు. కానీ చుట్టుపక్కల ఊరు బాగుంది, నడవడానికి వీలుంది, మెట్రో ఇ లైన్ స్టేషను దగ్గర.

ఆస్కార్ ఇచ్చిన చోటు విల్షైర్ బులవార్డ్ మీది అంబాసిడర్ హోటల్, దాంట్లోని కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్. 1940 ఫిబ్రవరి 29 రాత్రి. ఆ హోటల్లోకి నల్లవాళ్ళకి ప్రవేశం లేదు. నిర్మాత సెల్జ్‌నిక్ ప్రత్యేకంగా అడిగితే రానిచ్చారు. సినిమా యూనిట్ అంతా ఒక బల్ల దగ్గర, ఆవిడ మాత్రం గోడవారన ఒక చిన్న బల్ల దగ్గర. తోడుగా వచ్చిన ఒక ఆయనా, తన ఏజెంటూ ఆ బల్ల దగ్గరే. జుట్టులో గార్డీనియా పూలు పెట్టుకుని, అంత దూరం నుంచి నడిచి వచ్చి బహుమతి తీసుకుంది. అంతకు రెండు నెలల ముందు, డిసెంబరు 15న, అట్లాంటాలో జరిగిన ప్రీమియర్‌కి అసలు రానివ్వనే లేదు. జార్జియాలో చట్టం అలాంటిది.

హోటల్ ఇప్పుడు లేదు. 1968లో రాబర్ట్ కెనెడీని కాల్చింది కూడా ఇక్కడే. 2005–06లో కూల్చేసి ఆయన పేరుతోనే ప్రభుత్వ స్కూళ్ళు కట్టారు. నైట్‌క్లబ్ ఉన్న వైపు ఇప్పుడు స్కూలు ఆడిటోరియం. పిల్లల స్కూలు కాబట్టి లోపలికి వెళ్ళే ప్రసక్తి లేదు, వెళ్ళాలని అడగడం కూడా పద్ధతి కాదు. రోడ్డు వైపు చిన్న పార్కు కట్టారు, అక్కడ కూర్చోవచ్చు. విల్షైర్–నార్మండీ మెట్రో స్టేషను నుంచి నడిచే దూరమే. అయితే హ్యాటీ కోసమే వెళ్ళేవాళ్ళకి ఇక్కడ చూడ్డానికి ఏమీ దొరకదని ముందే చెబుతున్నా. మెట్రోలో అటుగా వెళ్తుంటే దిగండి, లేకపోతే వద్దు.

అదే విల్షైర్ మీద పడమరగా వెళ్తే, ఫెయిర్‌ఫాక్స్ మూలన అకాడమీ మ్యూజియం. 2021లో తెరిచారు. టికెట్ పెద్దవాళ్ళకి 25 డాలర్లు, 17 ఏళ్ళు, ఆ లోపు పిల్లలకి ఫ్రీ. ఇది మాత్రం డబ్బుకి తగ్గ చోటు. ఆస్కార్ చరిత్ర చెప్పే గదిలో వేర్వేరు సంవత్సరాల బొమ్మలు వరసగా అద్దాల పెట్టెల్లో మెరుస్తుంటాయి. వాటి మధ్య ఒక పెట్టె ఖాళీ. అది హ్యాటీది. ఆ రోజుల్లో సహాయ పాత్రలకి బంగారు బొమ్మ ఇచ్చేవాళ్ళు కాదు, అరచేతిని మించి కాస్త పెద్దదైన ఫలకం ఇచ్చేవాళ్ళు. దాన్ని ఆవిడ వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీకి రాసిచ్చింది. అక్కడి నుంచి ఎప్పుడో మాయమైంది, మళ్ళీ దొరకలేదు. 2023లో అకాడమీ దానికి బదులుగా కొత్త ఫలకం చేయించి హోవర్డ్‌కి ఇచ్చింది. మెరుస్తున్న బొమ్మలన్నీ ఫొటోలు తీసుకుంటూ గబగబా దాటుతున్నవాళ్ళు ఈ ఖాళీ పెట్టె దగ్గరికి రాగానే ఆగి, కింద రాసింది చదువుతున్నారు. ఆవిడకి దొరకని గౌరవాన్ని ఖాళీగా చూపించాలని ఆలోచించినవాళ్ళకి నా నమస్కారం.

సిబ్బంది మర్యాదగా మాట్లాడారు, అడిగిన దానికి ఓపికగా చెప్పారు. కెఫేలో మాత్రం రేట్లు మండిపోతున్నాయి. బయట వీధిలో ఫుడ్ ట్రక్కుల దగ్గర తినడం మేలు. మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది, అయినా వెళ్ళేముందు వెబ్‌సైట్ చూసుకోండి.

వాక్ ఆఫ్ ఫేమ్‌లో ఆవిడకి రెండు నక్షత్రాలున్నాయి. సినిమాకి ఇచ్చింది వైన్ స్ట్రీట్ 1719 దగ్గర, రేడియోకి ఇచ్చింది హాలీవుడ్ బులవార్డ్ 6933 దగ్గర, చైనీస్ థియేటర్ పక్కనే. రేడియో సంగతి చాలామందికి తెలియదు. 1947లో ‘బ్యూలా’ అనే రేడియో షోలో ప్రధాన పాత్ర ఆవిడది, అంత పెద్ద రేడియో కార్యక్రమంలో ఒక నల్లజాతి మహిళ ప్రధాన పాత్ర వేయడం అదే మొదలంటారు. వైన్ స్ట్రీట్‌లో కాస్త ప్రశాంతంగా ఉంటుంది. రెండోచోట సూపర్‌మ్యాన్ వేషాలవాళ్ళు, సీడీలు అంటగట్టేవాళ్ళు, సెల్ఫీలవాళ్ళు. నక్షత్రం మీద నిలబడినవాళ్ళని పక్కకి జరగమని బతిమాలుకోవాలి. టైము తక్కువైతే ఇది మానేయండి.

బస గురించి ఇక్కడే చెప్పేస్తాను. మొదట హాలీవుడ్‌లో ఒక చోట దిగాను. బుకింగ్ చేసినప్పుడు చూపించిన అద్దె వేరు, కౌంటర్ దగ్గర అడిగింది వేరు. ఏదో ఫెసిలిటీ ఫీజు రోజువారీ కలిపారు, కారుకి పార్కింగ్ విడిగా. రాత్రి రెండింటి దాకా కింద మోత. ఆ తర్వాత కొరియాటౌన్‌కి మారాను. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, మెట్రో రెండు నిమిషాల నడక, అర్ధరాత్రి కూడా తిండి దొరుకుతుంది. శాకాహారులు టోఫు సూప్ అని ఆశపడితే మాత్రం జాగ్రత్త, చాలాచోట్ల చేపల రసంతో చేస్తారు, అడిగి తెలుసుకోవాలి. ఈ యాత్రకి కొరియాటౌన్ నా మొదటి ఓటు. కల్వర్ సిటీ హాయిగా ఉంటుంది కానీ జేబుకి బరువు. అర్వైన్‌లో చుట్టాలింట్లో దిగుదాం అనుకుంటే 405 ఫ్రీవే మీద ట్రాఫిక్‌లోనే పొద్దు పోతుంది.

కారు లేకపోయినా ఇబ్బంది లేదు. ట్యాప్ కార్డు తీసుకుంటే మెట్రో, బస్సు రెండింటికీ ఒకే కార్డు. ఒకసారి ఎక్కితే 1.75 డాలర్లు, రోజుకి 5 డాలర్లు దాటితే ఆ పైన పట్టుకోరు. ఎండాకాలంలో బస్టాపుల్లో నీడ తక్కువ, నీళ్ళ సీసా ఉంచుకోండి. చీకటి పడ్డాక మాత్రం ఒంటరి ఆడవాళ్ళు క్యాబ్ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఈ యాత్రకంతా ప్రాణం వెస్ట్ ఆడమ్స్. సౌత్ హార్వర్డ్ బులవార్డ్, నంబరు 2203. హ్యాటీ 1940ల మొదట్లో కొనుక్కున్న పెద్ద తెల్లటి ఇల్లు. ఆ పేటని షుగర్ హిల్ అనేవారు. లూయీస్ బీవర్స్, ఎథెల్ వాటర్స్ లాంటి నటీమణులూ, నల్లజాతి డాక్టర్లూ, వ్యాపారులూ అక్కడే ఇళ్ళు కొన్నారు. ఇల్లు నల్లవాళ్ళకి అమ్మకూడదని పాత దస్తావేజుల్లో షరతు ఉందంటూ కొందరు తెల్ల ఇరుగుపొరుగు కోర్టుకెక్కారు. ఇళ్ళు ఖాళీ చేయించాలని కేసు. హ్యాటీ భయపడి పోలేదు. పక్కింటివాళ్ళని కూడగట్టింది, తన ఇంట్లో మీటింగులు పెట్టింది, లోరెన్ మిల్లర్ అనే నల్లజాతి లాయరు వాదించాడు. 1945 డిసెంబరులో జడ్జి థర్మండ్ క్లార్క్ స్వయంగా ఆ వీధి చూసి వచ్చి, రాజ్యాంగం 14వ సవరణ ఇచ్చిన హక్కులు వీళ్ళకీ ఉన్నాయని కేసు కొట్టేశాడు. మూడేళ్ళకి, 1948లో, అమెరికా సుప్రీంకోర్టు కూడా దేశమంతటా అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని తేల్చింది.

పనిమనిషి వేషాలు వేస్తూ జాతి పరువు తీస్తోందని ఆవిడ్ని సొంతవాళ్ళే విమర్శించారు. నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ అనే సంస్థ నాయకుడు వాల్టర్ వైట్ ముందు వరసలో ఉన్నాడు. ఆ విమర్శలో న్యాయం లేదని నేననను. కానీ ఆ వేషాల డబ్బుతోనే ఈ ఇల్లు కొని, ఈ ఇంట్లో కూర్చునే ఆ కేసు గెలిచింది. ఇంటి ఎదురు పేవ్‌మెంట్ మీద నిలబడి చూస్తే ఆ రెండు సంగతులూ ఒకేసారి గుర్తొస్తాయి.

అది ఇప్పుడు వేరేవాళ్ళ ఇల్లు. గేటు దగ్గరికి వెళ్ళకండి, కిటికీలవైపు కెమెరా పెట్టకండి. ఎదురు వైపు నుంచి చూసి, వీధి చివరిదాకా నడవండి. కొద్దిదూరంలోనే శాంటా మోనికా ఫ్రీవే హోరు వినిపిస్తుంది. 1960లలో ఆ రోడ్డు కోసం షుగర్ హిల్‌ని మధ్యకి చీల్చి ఎన్నో ఇళ్ళు పడగొట్టారు. కోర్టులో గెలుచుకున్న పేట మీద నుంచి ఇప్పుడు కార్లు పోతున్నాయి. అక్క అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. “రోజూ ఈ ఫ్రీవే మీదే ఆఫీసుకెళ్తానే, ఒక్కసారన్నా తెలీలేదు” అంది.

అక్కడి నుంచి నడిచే దూరంలోనే, వాషింగ్టన్, నార్మండీ వీధుల మూలన ఏంజెలస్ రోజ్‌డేల్ శ్మశానం. 1884లో మొదలైంది, ఆ ఊళ్ళో అన్ని జాతులవాళ్ళకీ తలుపు తెరిచిన మొదటిది ఇదేనంటారు. హ్యాటీ 1952 అక్టోబరు 26న క్యాన్సర్‌తో పోయింది. తెల్ల శవపేటిక, తెల్ల బట్టలు, జుట్టులోనూ చేతుల్లోనూ తెల్లటి గార్డీనియాలు, తలకింద ఎర్ర గులాబీల దిండు, పూడ్చేది హాలీవుడ్ సిమెట్రీలో అని ముందే రాసి పెట్టుకుంది. పూలు ఆవిడ కోరినట్టే దొరికి ఉంటాయి. చోటు దొరకలేదు. తెల్లవాళ్ళకి మాత్రమే అన్నారు. అందుకే రోజ్‌డేల్‌లో పడుకుంది. చైనీస్ అమెరికన్ నటి ఆనా మే వాంగ్ సమాధి కూడా ఇక్కడే ఉంది.

ఇక్కడ జనం దాదాపు లేరు. గడ్డి అక్కడక్కడా ఎండిపోయింది. పెద్ద స్థలం కాబట్టి సొంతంగా వెతికితే తిరగడమే అవుతుంది, ఆఫీసులో అడగండి. మాకు మ్యాపు మీద గుర్తు పెట్టి ఇచ్చి, ఏ దారిన వెళ్ళాలో బయటికి వచ్చి మరీ చూపించారు. ఆ ఊళ్ళో నాకు అందిన సేవల్లో అదే అన్నిటికంటే ఆప్యాయమైనది.

ఆవిడ కోరుకున్న ఆ శ్మశానం పేరు ఇప్పుడు హాలీవుడ్ ఫరెవర్. శాంటా మోనికా బులవార్డ్ మీద, పారమౌంట్ స్టూడియో వెనక. యాజమాన్యం మారాక, 1999లో ఆవిడని ఇక్కడికి తెచ్చుకుంటామని అడిగారు. కుటుంబం వద్దంది, ఉన్నచోటే ఉండనివ్వమంది. అప్పుడు చెరువు దగ్గర గడ్డి మీద గులాబీ, బూడిద రంగు గ్రానైటుతో స్మారకం కట్టారు. ప్రవేశం ఉచితం. గేటు దగ్గర పూలకొట్టులో సమాధుల మ్యాపు అమ్ముతారు. నెమళ్ళు తిరుగుతుంటాయి, వేసవిలో రాత్రిళ్ళు గడ్డి మీద సినిమాలు వేస్తారు. చక్కగా ఉంచారు, అందులో వంక లేదు. స్మారకం చూడాల్సిందే. కానీ రెంటిలో ఒక్కటే చూడగలిగితే రోజ్‌డేల్‌కే వెళ్ళండి. ఆవిడ ఉన్నది అక్కడ.

వీటికి రెండు రోజులు తీరిగ్గా సరిపోతాయి. ఒకరోజు మ్యూజియం, హాలీవుడ్ ఫరెవర్; ఇంకోరోజు పొద్దున్నే రోజ్‌డేల్, హార్వర్డ్ బులవార్డ్, సాయంత్రానికి కల్వర్ సిటీ. మాలిబు గుడికి వెళ్ళేవాళ్ళు 101 మీద వుడ్‌ల్యాండ్ హిల్స్ దాటుతారు. హ్యాటీ కన్నుమూసిన సినిమావాళ్ళ ఆశ్రమం అక్కడే ఉంది. ఇప్పటికీ వృద్ధ కళాకారులు ఉండే చోటది, చూడ్డానికి వెళ్ళేది కాదు, దారిలో తలుచుకుంటే చాలు. గుడికి మాత్రం వారాంతంలో కాకుండా మామూలు రోజున వెళ్తే పార్కింగ్ సులువుగా దొరుకుతుంది.